రాజు లేని మండపం

ఢిల్లీ వైపు కొన్నాళ్ళు ఉద్యోగం వెలగబెట్టిన తెలుగోడెవణ్ణైనా ఇండియా గేటు గురించి అడిగి చూడండి. ముందు ఆంధ్రా భవన్ భోజనం గురించి చెప్తాడు. నేనూ అంతే. 2006లో ఓ ప్రాజెక్టు పని మీద నోయిడాలో పడ్డాను. రాష్ట్రం ఇంకా ఒకటిగా ఉన్న రోజులు. వారమంతా రోటీలు నమిలి నమిలి దవడలు నొప్పెట్టాక, ఆదివారం పొద్దున్నే నలుగురం కలిసి అశోకా రోడ్డుకి బయల్దేరేవాళ్ళం. టోకెన్ తీసుకోవడం, తింటున్నవాడి కుర్చీ వెనకాల కర్చీఫ్ పట్టుకుని నిలబడటం, పప్పూ గోంగూరా కనపడగానే మాటలు ఆపెయ్యడం... ఆ తర్వాత భుక్తాయాసం తీరడానికి నడుచుకుంటూ ఇండియా గేటు. ఇదీ కార్యక్రమం.

ఇండియా గేటు దగ్గర అందరూ ఫోటో తీయించుకునేది గేటు ముందే. దాని వెనక, తూర్పు వైపున, ఒక ఎత్తయిన రాతి మండపం ఉండేది, ఇప్పుడూ ఉందనుకోండి. 73 అడుగులు. ఇంకేదైనా ఊళ్ళో ఉంటే అదే పెద్ద చూడదగ్గ ప్రదేశం అయ్యుండేది. ఇక్కడ మాత్రం గేటు ముందు వెలవెలబోతూ ఉండేది. లోపల ఏమీ లేదు. దేవుడు లేడు, మనిషి లేడు, బోర్డు కూడా లేదు. మా ఖమ్మం ఫ్రెండుని అడిగితే "దాంట్లో ఏముంటది రా, గాలి" అన్నాడు. డిక్లేర్ చేసి వాల్యూ ఇవ్వడం మర్చిపోయిన వేరియబుల్ లాగా ఉందే అని నవ్వుకుని, ఐస్‌క్రీం కొనుక్కుని వెళ్ళిపోయాం.

మర్చిపోలేదు, కావాలనే తీసేశారు అని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ గాలి వెనక ఉన్న కథ చదివాక, మన దేశం తెల్లదొరల బొమ్మల్ని ఏం చేసింది, ఏం చెయ్యలేదు అన్నదాని మీద నాకు ఒక అభిప్రాయం ఏర్పడింది. ఆ అభిప్రాయానికి మా ఖమ్మం వాడు ఇప్పటికీ ఒప్పుకోడు. అది చివర్లో చెప్తా.

ఆ మండపంలో ఉండేది ఐదో జార్జి చక్రవర్తి పాలరాతి విగ్రహం. మన దేశాన్ని ఏలిన బ్రిటిష్ చక్రవర్తుల్లో, చక్రవర్తి హోదాలో ఇక్కడికొచ్చి కూర్చున్నవాడు ఆయనొక్కడే. విక్టోరియా రాణి అసలు ఈ గడ్డ మీద కాలే పెట్టలేదు, బొమ్మలు మాత్రం ఊరూరా పెట్టించుకుంది (పెట్టించుకుంది అనడం కూడా తప్పేనేమో, మనవాళ్ళే చందాలు వేసుకుని మరీ పెట్టారు). జార్జి గారు 1911 డిసెంబరులో భార్యాసమేతంగా వచ్చారు, ఢిల్లీ దర్బారు కోసం.

ఆ రాకలో నాకు బాగా నచ్చిన ముచ్చట ఒకటుంది. డిసెంబరు 7న రాజు గారు ఢిల్లీలోకి ఊరేగింపుగా వచ్చారు. చక్రవర్తి అంటే ఏనుగు మీద, అంబారీలో వస్తాడని జనం రోడ్ల పక్కన కాసుకుని కూర్చున్నారు. ఈయనేమో మిలిటరీ యూనిఫారం వేసుకుని, నెత్తిన టోపీ పెట్టుకుని, గుర్రమెక్కి వచ్చేశాడు. చుట్టూ అదే వాలకంతో బోలెడుమంది ఆఫీసర్లు. ఇందులో రాజెవరో తెలీక చాలామంది జనం ఆయన తమ ముందు నుంచి వెళ్ళిపోయినా గుర్తే పట్టలేదు. ఆ గుంపులో గుర్తుపట్టలేకపోయిన మనిషికి పాతికేళ్ళ తర్వాత అదే ఊళ్ళో ఎవడూ గుర్తుపట్టకుండా ఉండలేనంత బొమ్మ లేచిందన్నమాట.

కిరీటం కథ ఇంకోటి. ఇంగ్లండు రాజు కిరీటాన్ని దేశం దాటించకూడదని వాళ్ళకో నియమం. దర్బారుకి కిరీటం లేకుండా వెళ్తే బాగోదు. అందుకని ఈ ఒక్క రోజు కోసం కొత్తది చేయించారు, ఆరు వేలకు పైగా వజ్రాలతో, దాదాపు కిలో బరువు. ఖర్చు 60 వేల పౌన్లు. అప్పట్లో పౌను 15 రూపాయలు, అంటే 9 లక్షలు. అదీ మన ఖజానా లోంచే. ఆ బరువు మోసి మోసి తల నొప్పి పుట్టిందని ఆయనే డైరీలో రాసుకున్నాడట. తర్వాత దాన్ని మళ్ళీ ఎవరూ పెట్టుకోలేదు. లండన్ టవర్లో అద్దాల వెనకుంది. ఒక్కసారి డెమోకి వాడి అటకెక్కించిన ప్రాజెక్టులు మనకీ తెల్సినవే గానీ, 9 లక్షలంటే 1911లో మాటలు కాదు.

డిసెంబరు 12న దర్బారు. రాజులంతా వరసగా వచ్చి చక్రవర్తికి వంగి నమస్కారం పెట్టాలి. వరసలో మొట్టమొదటి వాడెవరో ఊహించండి. మన హైదరాబాదు నిజాం, మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. అప్పటికి ఆయనకి 25 ఏళ్ళు. తండ్రి పోయి గద్దెనెక్కి నాలుగు నెలలు కూడా నిండలేదు. సంస్థానాలన్నిట్లోకీ పెద్దది కాబట్టి వంగడంలోనూ ఆయనదే మొదటి స్థానం. ఆ రోజు అందరికీ గుర్తుండిపోయింది మాత్రం నిజాం కాదు, బరోడా గైక్వాడ్ సయాజీరావు. ఆడంబరం లేని బట్టల్లో వచ్చి, చేతికర్రతో, పద్ధతి ప్రకారం వంగాల్సినన్నిసార్లు వంగకుండా, పైగా చక్రవర్తికి వీపు చూపించి వెళ్ళిపోయాడు. బ్రిటిష్ పేపర్లు గొల్లుమన్నాయి. ఆయన తర్వాత క్షమాపణ ఉత్తరం రాసుకోవాల్సొచ్చింది. కావాలనే చేశాడా, కంగారులో చేశాడా అన్న వాదన ఇంకా నడుస్తూనే ఉంది. నా ఓటు 'కావాలనే'కి.

ఆ రోజే జార్జి గారు, ఎవరికీ ముందు తెలీకుండా దాచిన రెండు ముక్కలు బయటపెట్టారు. బెంగాల్ విభజన రద్దు, రాజధాని కలకత్తా నుంచి ఢిల్లీకి మార్పు. మూడ్రోజులకి దర్బారు దగ్గరే కొత్త రాజధానికి శంకుస్థాపన రాళ్ళు కూడా వేసేశారు. తీరా తర్వాత చూస్తే ఆ చోటు పనికిరాదని తేలి, ఊరికి ఇంకో వైపున్న రైసీనా గుట్టని ఎంచుకున్నారు. రాజు చేత్తో వేసిన రాళ్ళు మాత్రం వదలకూడదు కదా, వాటిని పెకలించి కొత్త చోటికి మోసుకుపోయారు. రిక్వైర్మెంట్లు తేలకముందే ఓపెనింగ్ చేసెయ్యడం కొత్తేమీ కాదన్నమాట.

కొత్త ఢిల్లీకి ప్లాను గీసిన వాళ్ళలో ముఖ్యుడు లుటియెన్స్. మన కట్టడాల మీద ఆయనకి పెద్ద గౌరవం లేదు, ఆ సంగతి దాచుకోనూ లేదు. కానీ నగరానికి వెన్నెముక లాంటి దారి మాత్రం అద్భుతంగా గీశాడు, ఏ మాటకామాటే చెప్పుకోవాలి. ఒక చివర గుట్ట మీద వైస్రాయ్ భవనం. అక్కణ్ణించి తిన్నగా తూర్పుకి కింగ్స్‌వే. ఆ దారికి రెండో చివర, మొదటి ప్రపంచ యుద్ధంలోనూ ఆ తర్వాతా బ్రిటిష్ వాళ్ళ తరఫున చచ్చిపోయిన 70 వేలకు పైగా మన సైనికుల గుర్తుగా ఇండియా గేటు. 1921లో శంకుస్థాపన, 1931లో ప్రారంభం. గోడల మీద 13 వేలకు పైగా పేర్లున్నాయి. ఆ గేటు వెనక, సరిగ్గా అదే గీత మీద, చక్రవర్తికి మండపం. మహాబలిపురంలోని పాత మండపాన్ని చూసి ఆ రూపం తీసుకున్నారంటారు.

ఇప్పుడు ఆ గీతని కాగితం మీద ఊహించుకోండి. ఈ చివర వైస్రాయి. ఆ చివర చక్రవర్తి. మధ్యలో, వాళ్ళిద్దరి కోసం చచ్చిన మన సైనికుల పేర్లు. చుట్టూ షడ్భుజాకారంలో రోడ్డు, దాని వెంబడి సంస్థానాధీశుల భవనాలు. అందులో అన్నిటికన్నా ఘనమైనవాటిలో ఒకటి మన నిజాంది, హైదరాబాద్ హౌస్. అది కూడా లుటియెన్స్ గీసిందే, 1928కి పూర్తయింది. సీతాకోకచిలుక రెక్కలు విప్పినట్టుంటుంది. ఇప్పుడు ప్రధానమంత్రి విదేశీ అతిథులతో చర్చలు జరిపేది అక్కడే, టీవీల్లో చూస్తుంటాం. 1911లో చక్రవర్తికి ముందుగా వంగిన నిజాంకి, చక్రవర్తి బొమ్మ కళ్ళెదుటే స్థలం దొరికింది. నగరం ప్లాను కాదది, ఎవరి స్థానం ఎక్కడో రాళ్ళతో రాసిన ఆర్గనైజేషన్ చార్టు. మా ఆదివారం భోజనాలు కూడా దాని అంచునే జరిగేవని అప్పట్లో తోచలేదు.

విగ్రహం చెక్కే పని చార్లెస్ సార్జెంట్ జాగర్‌కి ఇచ్చారు. ఈయన గురించి రెండు మాటలు చెప్పకపోతే అన్యాయం. దర్బారు శిల్పి అనుకునేరు, కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో స్వయంగా సైనికుడు. గల్లిపోలిలో గాయపడ్డాడు, తర్వాత మరోసారి పడ్డాడు. లండన్ హైడ్ పార్క్ కార్నర్ దగ్గర శతఘ్ని దళాల స్మారకం ఉంది, 1925 నాటిది, ఆయనదే. అందులో వీరుడు కత్తి ఎత్తడు, దేవత పూలు చల్లదు. ఒక శవం మీద కోటు కప్పి ఉంటుంది, అంతే. యుద్ధాన్ని అంత నిజంగా చూపించినవాడు, ఇక్కడికొచ్చేసరికి పట్టాభిషేకం దుస్తుల్లో నిలువెత్తు రాజుని చెక్కాడు. క్లయింటు అడిగింది ఇవ్వాలి మరి. బొమ్మ మండపంలోకి ఎక్కక ముందే, 1934లో, 48 ఏళ్ళకే జాగర్ పోయాడు. 1936 జనవరిలో జార్జి చక్రవర్తి కూడా పోయాడు. అదే ఏడు మండపం సిద్ధమైంది. అంటే ఆ విగ్రహాన్ని దాని శిల్పీ చూళ్ళేదు, దాని రాజూ చూళ్ళేదు.

తర్వాత పదకొండేళ్ళకి సామ్రాజ్యమే పోయింది.

1947 ఆగస్టు 15 సాయంత్రం, ఆ తర్వాతి రోజూ, ఇండియా గేటు చుట్టూ లక్షల జనం. కింగ్స్‌వే కాస్తా రాజ్‌పథ్ అయింది. రిపబ్లిక్ డే పరేడ్లు ఆ దారిలోనే జరిగాయి. ఇంత జరిగినా రాజు గారు మాత్రం తన మండపంలో చెక్కుచెదరకుండా నిలబడే ఉన్నారు. ఒక ఏడాది, రెండేళ్ళు కాదు. ఇరవయ్యొక్క ఏళ్ళు! మన టాంకులు, మన విమానాలు ఆయన ముందే కవాతు చేశాయి. ఇది తెలిసినప్పుడు నాకు నిజంగా ఒళ్ళు మండింది. ఇంకే దేశమైనా మొదటి వారంలోనే తాడు కట్టి లాగేసేది కదా అనిపించింది.

ఎందుకు తియ్యలేదు? బద్ధకం ఒకటే కారణం కాదు. 1857కి నూరేళ్ళు నిండిన 1957లో ఈ గొడవ బాగా ముదిరింది. ముఖ్యంగా ఉత్తరప్రదేశ్‌లో సోషలిస్టులు తెల్లవాళ్ళ బొమ్మలు తీసెయ్యాలని ఉద్యమం చేశారు. అప్పుడు లోక్‌సభలో నెహ్రూ చెప్పినదాని సారాంశం ఇది: అన్ని బొమ్మలూ ఒక్కటి కావు. కొన్ని చరిత్రకి పనికొచ్చేవి, కొన్ని కళ కోసం ఉంచదగ్గవి, కొన్ని మన మనసు నొప్పించేవి. నొప్పించేవాటిని ముందు తీద్దాం, మిగతావి మెల్లగా, గోల లేకుండా, ఎదుటివాడి మీద ద్వేషం రగలకుండా మ్యూజియాలకి పంపుదాం. విభజన రక్తం ఆరి పదేళ్ళయినా కాని దేశం, కరువులు, శరణార్థులు, సరిహద్దులు... రాతిబొమ్మ తొందర ఏముంది అన్నది ఆయన లెక్క. ఆ లెక్క నాకు సగమే నచ్చింది. వర్గీకరణ బాగుంది. కానీ రాజధాని నడిబొడ్డున, సైనికుల స్మారకం వెనకాల నిలబడ్డ చక్రవర్తి ఏ కోవలోకి వస్తాడో తేల్చుకోడానికి ఇంకో పదేళ్ళు పట్టాలా?

ఓపిక నశించినవాళ్ళు ఊరుకోలేదు. 1965లో, స్వాతంత్ర్య దినానికి రెండ్రోజుల ముందు, సంయుక్త సోషలిస్టు పార్టీ వాళ్ళు (లోహియా గారి పార్టీ) కొందరు మండపం దగ్గరికెళ్ళి, కాపలా ఉన్న ఇద్దరు కానిస్టేబుళ్ళని లొంగదీసి, రాజుకి తారు పూశారు. కిరీటం, ముక్కు, ఒక చెవి చెక్కేశారు. వెళ్తూ వెళ్తూ అక్కడొక ఫోటో పెట్టి వెళ్ళారు. ఎవరిదనుకున్నారు? సుభాష్ చంద్రబోస్‌ది!

ఈ ఒక్క ముక్క గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

విచిత్రం ఏంటంటే అదే 1965లో బొంబాయిలోనూ ఇంకో రాజు దిగాడు. ఈ జార్జి గారి తండ్రి, ఏడో ఎడ్వర్డు. యువరాజుగా ఉన్నప్పుడు ఆయన బొంబాయి వచ్చి వెళ్ళాడని సాసూన్ అనే వ్యాపారి గుర్రమెక్కిన కంచు విగ్రహం చేయించి ఊరికిచ్చాడు. నల్లగా ఉండేసరికి జనం 'కాలా ఘోడా' అన్నారు, నల్ల గుర్రం అని. గుర్రం మీదున్నది ఎవరో ఎవడికీ పట్టలేదు చూడండి! 1965లో దాన్ని తీసి బైకుల్లా జూకి పంపేశారు. బొమ్మ పోయినా ఆ చోటికి పేరు పోలేదు. 2017లో అక్కడే మళ్ళీ ఒక గుర్రం బొమ్మ పెట్టారు. ఈసారి దాని మీద మనిషి లేడు. విగ్రహాల సమస్యకి నేను చూసిన పరిష్కారాల్లో ఇంతకన్నా కొంటెది లేదు. మన విశాఖపట్నం పాత ఊళ్ళోనూ, బెంగళూరు కబ్బన్ పార్కులోనూ విక్టోరియా గారు మాత్రం ఇంకా హాయిగా నిలబడే ఉన్నారు. ఆఫీసుకెళ్ళేవాళ్ళు బస్సు దిగి ఆవిడ ముందు నుంచే పరిగెడుతుంటారు, తలెత్తి చూసేవాడు లేడు. ఒకే దేశంలో ఒకే రకం బొమ్మలకి ఇన్ని రకాల గతులు.

ఢిల్లీకి వద్దాం. 1968లో జార్జి గారిని దించారు. పగలగొట్టలేదు, కరిగించడానికి అది పాలరాయి కదా, అమ్మలేదు కూడా. ఊరికి ఉత్తరాన ఉన్న కారొనేషన్ పార్కుకి తీసుకెళ్ళి పెట్టారు. ఎక్కడది అంటే 1877, 1903, 1911 దర్బార్లు మూడూ జరిగిన మైదానం. అంటే ఆయన కిరీటం పెట్టుకుని తలనొప్పి తెచ్చుకున్న చోటికే ఆయన్ని వెనక్కి పంపారు. ఎవరి ఆలోచనో గానీ చాలా తెలివైన పని. మన భాషలో చెప్పాలంటే కోడు డిలీట్ చెయ్యలేదు, కామెంటు చేసి పక్కన పెట్టారు.

నేను చాలా ఏళ్ళ తర్వాత, ఢిల్లీకి వేరే పని మీద వెళ్ళినప్పుడు అక్కడికి వెళ్ళాను. జీటీబీ నగర్ మెట్రోలో దిగి ఆటో మాట్లాడుకోవాలి. సగం మంది ఆటోవాళ్ళకి ఆ పేరే తెలీదు. 2011లో దర్బారుకి నూరేళ్ళ సందర్భంగా దాన్ని బాగుచెయ్యాలని పని మొదలుపెట్టారు గానీ ఆ తేదీకి పూర్తి కాలేదు. నేను వెళ్ళేసరికి నడవడానికి బాటలున్నాయి, చెట్లున్నాయి, జనం లేరు. మధ్యలో దర్బారు గుర్తుగా ఒక స్తూపం. ఇంకో పక్క జార్జి గారు, ఎత్తయిన దిమ్మ మీద, ఆయనకి తోడు కొందరు వైస్రాయిలు. 1912లో చాందినీ చౌక్‌లో ఏనుగు మీద వస్తుండగా బాంబు దాడిలో గాయపడి బతికి బయటపడిన హార్డింజ్ కూడా వాళ్ళలో ఒకడు. ఆయన బొమ్మ కూడా జాగర్ చెక్కిందే. దూరంగా నలుగురు పిల్లలు క్రికెట్ ఆడుకుంటున్నారు. అంత పెద్ద విగ్రహం, అంత దగ్గర్నించి, ఒక్కణ్ణే చూస్తుంటే, మనం గెలిచాం అన్న ఉత్సాహం రాలేదు నాకు. జాలి కూడా రాలేదు. ఇంతేనా, దీనికా ఇంత గొడవ అనిపించింది. బహుశా విగ్రహాన్ని అక్కడ పెట్టిన ప్రయోజనం అదేనేమో. కింగ్స్‌వే చివర, 73 అడుగుల మండపం కింద ఉన్నప్పుడు ఆయన చక్రవర్తి. గడ్డిలో నిలబెడితే పొడుగు దుస్తులేసుకున్న ఒక గడ్డం మనిషి.

ఇక్కడ మండపం సంగతి. 1968 నుంచి అది ఖాళీ. గాంధీ బొమ్మ పెట్టాలని ఎన్నోసార్లు ప్రతిపాదనలొచ్చాయి. చక్రవర్తి కోసం కట్టిన గొడుగు కింద గాంధీ ఏంటి, అంగవస్త్రం కట్టుకున్న మనిషికి ఆ పటాటోపం నప్పుతుందా అని కొందరు. అసలు మండపాన్నే పీకెయ్యమని కొందరు. అది నగరం ప్లానులో భాగం, ముట్టుకోవద్దని ఇంకొందరు. వాదన తెగలేదు, మండపం నిండలేదు. దీన్ని ప్రభుత్వాల చేతకానితనం అనుకునేవాణ్ణి. తర్వాత్తర్వాత నా అభిప్రాయం మారింది. ప్రపంచంలో రాజుల్ని దించిన దేశాలు చాలా ఉన్నాయి. దాదాపు అందరూ ఆ దిమ్మ మీద వెంటనే తమ నాయకుణ్ణి ఎక్కించారు. మనం యాభై నాలుగేళ్ళ పాటు ఎవర్నీ ఎక్కించలేదు. రిపబ్లిక్ అంటే రాజు లేని రాజ్యం. ఆ రాజ్యపు ముఖ్యవీధి చివర రాజు లేని మండపం. అనుకుని కట్టినా ఇంతకన్నా బాగా కుదరదు.

2022లో అది నిండింది. జనవరి 23న, బోస్ 125వ జయంతి రోజున, ముందు ఆయన హోలోగ్రాం వెలిగించారు. సెప్టెంబరు 8న రాతి విగ్రహం ఆవిష్కరించారు. ఆ రోజే రాజ్‌పథ్ పేరు కర్తవ్యపథ్‌గా మారింది. 28 అడుగుల నల్ల గ్రానైటు విగ్రహం, బరువు 65 టన్నులు, మైసూరు శిల్పి అరుణ్ యోగిరాజ్ బృందం 26 వేల పనిగంటలు పెట్టి చెక్కింది. 1965లో తారు డబ్బాలతో వచ్చినవాళ్ళు పెట్టి వెళ్ళిన ఫోటో యాభై ఏడేళ్ళకి విగ్రహమై తిరిగొచ్చింది. ఆవిష్కరణ రోజు ఈ సంగతి తల్చుకున్నవాళ్ళు నాకైతే పెద్దగా కనబడలేదు.

ఇంకో సంగతి కూడా ఉంది, అది దీనికన్నా పాతది. బోస్ గారు స్వయంగా ఇలాంటి కట్టడం మీద ఉద్యమం చేసి జైలుకెళ్ళారు. కలకత్తా డల్హౌసీ స్క్వేర్ దగ్గర హాల్వెల్ స్మారకం అని ఉండేది. 1756లో సిరాజుద్దౌలా మనుషులు 146 మంది ఇంగ్లీషు వాళ్ళని చిన్న కొట్లో కుక్కితే 123 మంది చచ్చిపోయారని హాల్వెల్ రాసిన 'బ్లాక్ హోల్' కథకి గుర్తుగా. ఆ లెక్కలు నమ్మదగ్గవి కావని చరిత్రకారులు ఎప్పట్నించో అంటున్నారు. పాతది పోతే 1902లో కర్జన్ పట్టుబట్టి మళ్ళీ కట్టించాడు. 1940లో బోస్ దాన్ని తీసెయ్యాలని పిలుపునిచ్చారు. హిందువులూ ముస్లింలూ కలిసి కదిలారు. జులై 3న ఊరేగింపు అనగా జులై 2నే ఆయన్ని అరెస్టు చేశారు. ఉద్యమం ఆగలేదు, చివరికి ప్రభుత్వమే స్మారకాన్ని అక్కణ్ణించి తీసి సెయింట్ జాన్స్ చర్చి ఆవరణలోకి మార్చింది. జైల్లో నిరాహారదీక్ష చేస్తే డిసెంబరులో బోస్‌ని ఇంటికి పంపి కాపలా పెట్టారు. ఆ ఇంట్లోంచే 1941 జనవరిలో మారువేషంలో తప్పించుకున్నారు. కాబూలు, బెర్లిను, సింగపూరు, ఆజాద్ హింద్ ఫౌజు... మిగతాదంతా మీకు తెలిసిందే. ఆ ప్రయాణం మొదలైంది ఒక బొమ్మలాంటి కట్టడాన్ని పక్కకి జరపమని అడగడం దగ్గర. గమనించారో లేదో, అది కూడా పగలగొట్టలేదు, చర్చి ఆవరణలోకి మార్చారు. మనవాళ్ళు ఢిల్లీలో ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత చేసిందీ అదే.

కాబట్టి ఆ మండపంలో ఎవరో ఒకరు ఉండి తీరాల్సిందే అంటే, బోస్ కన్నా హక్కున్నవాళ్ళు లేరు. ఇది నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. నా పేచీ అక్కడ కాదు. ఎవరో ఒకరు ఉండి తీరాలా అన్నదే. చక్రవర్తి కొలతలకి కుట్టిన అంగీ అది. లోపల ఎవర్ని నిలబెట్టినా, చూసేవాడి తల పైకెత్తించి, మెడ నొప్పెట్టించడమే దాని పని. బోస్ లాంటి మనిషికి, సైనికులతో కలిసి తిన్నవాడికి, ఆ గొడుగు అవసరమా? ఖాళీగా ఉన్నన్నాళ్ళూ, "దీంట్లో ఎవరుండేవాళ్ళు?" అని ఎవడో ఒకడు అడిగేవాడు, నేనడిగినట్టు. ఇప్పుడు అడగాల్సిన పని లేదు.

ఇదే మాట మా ఖమ్మం ఫ్రెండుతో అన్నాను, మొన్నామధ్య ఫోన్లో. ఇప్పుడు వాడు అమెరికాలో ఉన్నాడు. వాడు పూర్తిగా విన్నాడు. విని, "ఆ రాయి ఎక్కడిదో తెల్సా నీకు?" అన్నాడు.

తెల్సు. ఆ గ్రానైటు మన ఖమ్మంది. 280 టన్నుల ఒకే ఒక్క బండ. దాన్ని తీసుకెళ్ళడానికి వంద అడుగుల పొడవు, 140 చక్రాలున్న లారీని ప్రత్యేకంగా తయారుచేశారు. ఖమ్మం నుంచి ఢిల్లీకి 1665 కిలోమీటర్లు రోడ్డు మీదే వెళ్ళింది.

"1911లో మనోళ్ళ రాజు పోయి అందరికన్నా ముందుగాల వంగిండు గదా," అన్నాడు, "మా రాయి పోయి నిలబడ్డది. ఖాళీ ఉంటే బాగుండేదని నాకు చెప్పకు."

ఏం చెప్పాలో తెలీక టాపిక్ మార్చి, ఇండియాకి ఎప్పుడొస్తున్నావ్ రా అని అడిగాను. డిసెంబరులో ఢిల్లీ మీదుగా వస్తాడట. ఆంధ్రా భవన్‌లో తిని, నడుచుకుంటూ వెళ్ళి, రాయి ముందు ఫోటో దిగుతానన్నాడు.